కూర్చునే చెప్పవచ్చు

"అందరూ లేవండి" అంటుంది డోరీన్.
ప్రెస్టన్ కోర్టులో ఆమెకది రోజుకి ఆరుసార్లు అనే మాట.
నాకు, ఆరుసార్లు దాటాల్సిన కాలవ.

ముందు చెవుల్లో హోరు.
తర్వాత అంచుల్నించి లోపలికి నలుపు.
పాత టీవీ కట్టేస్తే నడిమధ్య చుక్క మిగిలినట్టు
జడ్జిగారి మొహం ఒక్కటీ కాసేపుండి
అదీ పోతుంది.
బల్ల అంచు పట్టుకుంటాను. ఒకటి, రెండు, మూడు.
లోకం తిరిగొస్తుంది, ఏమీ ఎరగనట్టు.

మార్చిలో ఒక మంగళవారం
మూడు దాటి లెక్క సాగలేదు.
తెలివొచ్చేసరికి తివాచీకి ఆనుకుని నా చెంప,
మీద డోరీన్ నల్లగౌను, పిప్పరమెంటు వాసన.
బోనులోంచి సాక్షి ఒకావిడ
"నీళ్ళు, ఎవరైనా నీళ్ళు" అని తెలుగులో అరుస్తోంది.
దుబాసీ కింద పడి ఉండడం చేత
ఎవరికీ అర్థం కావడం లేదు.

ఫిషర్‌గేట్ వెనక సందులో డాక్టర్ ఎంట్విజిల్
పడుకోబెట్టి కొలిచింది: నూటపద్దెనిమిది.
నిలబెట్టి కొలిచింది: ఎనభై నాలుగు.
"తల తిరుగుతుందా?"
తల కాదు తల్లీ, మా భాషలో తిరిగేవి కళ్ళు.
కమ్మేవి బైర్లు.
బైరంటే ఏమిటో, ఒక్కటే విడిగా దొరికితే ఎలా ఉంటుందో
పదకొండేళ్ళుగా మాటలమ్ముకుని బతుకుతున్నా
నాకూ తెలీదు.
"ఉప్పు సరిగ్గా తింటున్నారా?" అంది.
నవ్వాపుకున్నాను.
ఉప్పూ కారం తింటున్నావా లేదా అని
మా లెక్కల మేష్టారు అడిగితే వెనకే బెత్తం ఉండేది.
ఈవిడ నిజంగానే అడుగుతోంది, చెంచాల్లో.

చీటీ రాసిచ్చింది.
రెండు లీటర్ల నీళ్ళు.
మంచం దిగేముందు పాదాలు ఆడించడం.
లేవడంలో తొందర వద్దు.
అలారానికి, బస్సుకి, ఫోనుకి,
మీ పేరు ఎలా పలకాలి అనే ప్రతి కొత్త మనిషికి
దిగ్గున లేవడమే కదా ఇన్నాళ్ళూ నేను చేసింది.

ఇప్పుడు నాకు అనుమతుంది.
అందరూ లేస్తారు, నేనొక్కదాన్నే కూర్చుంటాను.
నడుముల ఎత్తులో కోర్టు వేరే ఊరు:
ఊడబోతున్న బొత్తాలు, వెనక్కి కట్టుకున్న చేతులు,
ఒక లాయరు జేబులో సగం తిన్న బిస్కట్టు.
అందరూ కాస్త ఊగుతారు. గమనిస్తే తెలుస్తుంది.

ఇవాళ బోనులో కృపావతి,
వృద్ధుల హోంలో సెలవు లేకుండా
పద్నాలుగు రాత్రులు చేసిన మనిషి.
"లేచానండి. కళ్ళు తిరిగాయి. తర్వాతేం తెలీదు."

గదంతా నా వైపు చూసింది.
తల, అనబోయి ఆగాను.
ఆమె కళ్ళు తిరిగాయి, అన్నాను ఇంగ్లీషులో,
ఉన్నదున్నట్టు.

జడ్జిగారి కలం ఆగింది.
ఎటు, అని అడుగుతారేమోనని బెంగ.
అడగలేదు. డోరీన్‌కి సైగ చేశారు.
కుర్చీ వచ్చింది.

కృపావతి దాన్ని చూసింది, నన్ను చూసింది.
వద్దండి, నిలబడే చెబుతానంది.

అదీ చెప్పాను,
కూర్చుని.