రేకు వరకే

ఇక్కడ దిగడమంటే కొండెక్కడం,
ఎగరడమంటే లోయలోకి జారడం.
నాలుగొందల ఎనభై మీటర్ల పచ్చగడ్డి.
కింది కొసన ఏరు, పై కొసన కాఫీ బస్తాలు.
ఒకసారి ముక్కు ఇటు తిప్పిన విమానం
దిగి తీరాలి.

దోరిక తెల్లారకముందే వస్తుంది, రేడియో పెట్టె చంకనేసుకుని.
ముందు పందుల్ని తోలుతుంది.
తర్వాత ఉత్తి మడమతో నేలను తొక్కి చూస్తుంది:
మడమ దిగితే మెత్తన,
ఆ గుంటలో నీరూరితే వద్దు.
గాలి గొట్టం చిరిగి ఏడాదైంది,
దాని చోట మరిది కపియా ఎర్ర చొక్కా.
ఇక చూపుకి కొలత గట్టు మీది చర్చి.
శిలువ కనిపిస్తే ఐదు కిలోమీటర్లు,
రేకు కప్పు వరకే అయితే రెండు,
గంట మాత్రమే వినిపిస్తే
ఆ రోజు లోకం లేదు.

ఇవాళ చొక్కా ఊరికే వేలాడుతోంది.
రెండు వెదురు బొంగుల మధ్య దుప్పట్లో మెరోలిన్,
నొప్పులు మొదలై రెండు రాత్రులు.
మోసుకొచ్చిన ఎనిమిది మందికీ మోకాళ్ళ దాకా బురద.
"కనిపిస్తోందని చెప్పు వదినా," అంటాడు కపియా,
"వచ్చాక వాడే చూసుకుంటాడు."

"యావుటో, యావుటో, కనుమ ఎలా ఉంది?"
గింజలు వేగుతున్న చప్పుడులోంచి రూడీ గొంతు.

మూడేళ్ళ కిందట ఇదే పెట్టెలో ఒకాయన
బాగానే ఉందన్నాడు.
ఆ విమానం తలుపు ఇప్పుడు ఏటి మీద వంతెన పలక.
పొద్దున మెరోలిన్‌ను దాటించింది దాని మీదుగానే.

బొత్తాం కింద వేలు తెల్లబడింది.
"రేకు వరకే," అంది దోరిక.
"కనుమ మూసుకుంది. నేల మెత్తన."

కాసేపు గింజల చప్పుడే.
"ఇరవై నిమిషాలు తిరుగుతాను. చూస్తూ ఉండు."

మబ్బు పైన ఎక్కడో ఈగ మోత.
కపియా మొహం తిప్పుకున్నాడు.
మెరోలిన్ చెయ్యి చాచి దోరిక చీలమండ పట్టుకుంది,
తిట్టుకో, ఊతకో.
నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిడికిలి బిగుస్తోంది,
వదులుతోంది, మళ్ళీ బిగుస్తోంది.
దోరిక కాలు కదపలేదు,
కన్నూ కదపలేదు.

పందొమ్మిదో నిమిషం.
రేకు పైన ఏదో సన్నగా, నల్లగా.
శిలువ కావచ్చు.
వాలిన పిట్ట కావచ్చు.
వేలు బొత్తాం మీదుంది,
ఇంకా నొక్కలేదు.
అది ఎగిరిపోతుందేమోనని చూస్తోంది.