నాలుగు గీతలు

పలాస స్టేషన్ వెనక, మూడో నంబరు షెడ్డులో
నా పని కాటా దగ్గర.
బస్తా ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది,
ఆగిన చోట అంకె రాస్తాను.
పదిహేడేళ్ళుగా ఇంతే.

ఉద్దానం పిక్కలు చాలవు మాకు,
తుఫాను తోటల్ని పెళ్ళగించాక మరీను.
అందుకని ఓడెక్కి వస్తాయి,
పేరు పలకబోతే మా షావుకారు నాలుక మడతపడే దేశం నుంచి.
మా అమ్మాయి సాంఘికశాస్త్రం పుస్తకంలో వెతికాను ఒకసారి.
పటంలో జీడిపిక్క అంత కూడా లేదు.
పక్కన సముద్రం మాత్రం దండిగా ఉంది.

ఆ సముద్రం కోసమే గొడవంతా, అన్నాడు షావుకారు.
ఒకడు రేవు కట్టి
తాళంచెవి తన జేబులో వేసుకున్నాడట.
ఇంకొకడు అధ్యక్షుడి కాపలాకి మనుషుల్నిచ్చాడట,
వాళ్ళు కాస్తున్నది ఆయన్నో, ఆయన గుమ్మాన్నో
ఆయనకే తెలీదట.
మూడోవాడు ఏమీ ఇవ్వలేదు,
అప్పు తప్ప.

బస్తాల మీద బొమ్మలుంటాయి.
ఒకదాని మీద కలిపిన రెండు చేతులు,
ఎప్పటిదో సాయం బియ్యం సంచి, తిరగేసి కుట్టినట్టున్నారు.
చిరుగు దగ్గర అతుకు గుడ్డ మీద
ఇంకెవరి జెండావో సగం నక్షత్రాలు.

"ఏటి బాబూ ఈ బొమ్మ?" అంది తవిటమ్మ.
స్నేహం, అన్నాను.
"అయితే ఏ సెయ్యి ఎవులిదో సెప్పు."
చెప్పలేకపోయాను.
పిక్క కోస్తూనే, తల ఎత్తకుండా ఆమే అంది:
"తుఫానుకి మా ఇంటి కప్పు లేచిపోతే
ఒకలు టార్పాలిచ్చేరు, బొమ్మేసి.
అది కప్పుకున్నామని రెండోవోళ్ళు
బియ్యం లిస్టులో మా పేరు కొట్టేసేరు.
వోన మాత్రం బొమ్మ సూసి కురవనేదు బాబూ."
షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె వేళ్ళకి ముద్రలు లేవు.
ఎంత బూడిద రాసుకున్నా పిక్క నూనె తినేసింది.
రేషను మిషను మీద బొటనవేలు పెడితే
నువ్వు నువ్వు కాదంటుంది.

పోయిన మంగళవారం ఒక బస్తా అడుగున
బడి పుస్తకం కాగితం దొరికింది.
భాష తెలీదు గాని రాత తెలుసు:
నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అయిదు.
మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం.
నేనూ అచ్చం ఇలాగే రాస్తాను.
అయితే అక్కడా ఒకడున్నాడన్నమాట
కాటా పక్కన, చెవి వెనక పెన్నుతో,
ముల్లు ఆగేలోపు ఒకసారి
యజమాని మొహం చూసేవాడు.

కూర్చుని లెక్కపెట్టాను.
మా రిజిస్టరుకి మూడు బస్తాలు తేడా.
ఏ తాళంచెవి తినేసిందో.
చివరి వరసలో నాలుగు గీతలే ఉన్నాయి.
అడ్డం గియ్యలేదు.

రాత్రి టీవీలో అర నిమిషం చూపించారు.
రేవు గేటు దగ్గర ఆగిన లారీలు,
టోపీలు మార్చుకున్న సిపాయిలు,
రెండు పెద్ద దేశాలూ విడివిడిగా
ఒకే మాటల్లో విచారించాయని.
తర్వాత బంగారం ధర చెప్పారు.

ఓడ రాలేదు.
ఎనభై మూడు మంది ఆడవాళ్ళు
కేరేజీలు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు.
"ఎవులు గెలిస్తే ఓడొస్తాది బాబూ?"
తవిటమ్మ ఎకసెక్కానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.
లోపల షావుకారు రెండు ఫోన్లలో
రెండు పక్షాల దళారులతో
ఒకే నవ్వు నవ్వుతున్నాడు.

పని లేక, ఖాళీ కాటా మీద నేనే ఎక్కాను.
ముల్లు చాలాసేపు ఊగింది.
కాగితం చొక్కా జేబులోనే ఉంది.
తీసి, పెన్ను మూత విప్పి
ఆ అయిదో గీత గీసేద్దామనుకున్నాను.

నేను తూచిన బస్తా కాదు కదా అది.
మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.