రాశానన్న డిస్కు

మీనా అబ్దుల్లా క్యాంపులో శుక్రవారం మూడున్నరకి
కరెంటు ఒక్కసారి రెప్ప వేసింది.
అంతే.
ఏసీలు మళ్లీ గురక అందుకున్నాయి,
గేటు దగ్గర వేలిముద్రల మిషను పచ్చలైటు వేసుకుంది.
హాజరు సర్వరు మాత్రం లేవలేదు.

ఇనుప బీరువా వెనక, పాత టైర్ల పక్కన దాని కాపురం.
కెర్నలు రెండు పాయింట్ నాలుగు,
కంపెనీలో నాకంటే సీనియరు.
దాన్ని నిలబెట్టిన సూడాన్ ఇంజనీరు ఎప్పుడో వెళ్లిపోయాడు,
పాస్‌వర్డు డబ్బా మీద మార్కరుతో రాసి.

నల్లటి తెర మీద తెల్లటి మాటలు:
జర్నల్ తిరిగి చదువుతున్నాను.
తర్వాత, సూపర్‌బ్లాకు బాగోలేదు.
తర్వాత ఏమీ లేదు.
కర్సరు, దాని వెనక దుమ్ముగాలి చప్పుడు.

ఇక్కడికి రాకముందు రాయచోటిలో
శనక్కాయల మండీలో లెక్కలు రాసేవాణ్ణి.
గంగిశెట్టి అనేవాడు:
ముందు చిట్టాలో ఎక్కించు, ఆ తర్వాతే మూట కదలాల.
నడాన నువ్వు చచ్చినా లెక్క బతకాల.

జర్నలంటే అంతే.
చేయబోయేది ముందు రాసుకోవడం.
కింద సంతకం ఉంటే, పడి లేచాక ఆ పని మళ్లీ చేయడం.
సంతకం లేకపోతే
అసలు జరగలేదనుకోవడం.

మరి చిట్టా ఉండీ ఎందుకు చెడింది?
గంటన్నర పట్టింది నాకు.
డిస్కు అబద్ధమాడింది.
అన్నిటినీ బుగ్గన పెట్టుకుని, మింగానంది.
రాశావా అంటే రాశానంది.
సంతకం ముందు పడింది, పద్దు వెనక పడాల్సింది,
ఈలోపు కరెంటు రెప్ప వేసింది.
పాత కెర్నలు అమాయకురాలు,
ఒట్టేసి చెప్పమనడం దానికింకా తెలీదు.

ముందు డిస్కు మొత్తానికి నకలు తీశాను.
తొందరపడి ఒరిజినల్ మీద చెయ్యి వేసి
ఒకసారి ఏడ్చినవాణ్ణి.
ముప్పై రెండువేల ఏడువందల అరవై ఎనిమిదో గడిలో
సూపర్‌బ్లాకుకి ఒక కవల ఉంటుంది,
దాన్ని లేపి కూర్చోబెట్టాను.
బాగుచేయనా? అవును.
బాగుచేయనా? అవును.
టీ చల్లారింది.

దిక్కులేని ఫైళ్ల గదిలో నలభై ఒకటి తేలాయి.
పేర్లు పోయి, అంకెలు మాత్రం మిగిలినవి.
క్యాంపులో మనుషులకీ అంకెలే కదా అని
ఇక్కడ ఒక పోలిక చెప్పొచ్చు. చెప్పను.
ఆకలేస్తోంది, ఇంకా ముప్పై తెరవాలి.

జూన్ ఓవర్‌టైమంతా దొరికింది,
ఒక్క గురువారం రాత్రి తప్ప.
కాంక్రీటు పోసిన పదకొండు మంది
డిస్కు బుగ్గలోనే ఉండిపోయారు.
లెక్కలాయన ఉస్తాద్ రజబ్ భుజాలెగరేశాడు:
మిషన్లో లేనిది లేదు.

సైటుకి వెళ్లాను.
సెంట్రింగు పెంచలయ్య, చెవి మీద పెన్సిలు,
ఒక ప్లైవుడ్ ముక్క తెచ్చి నా కాళ్ల ముందు వేశాడు.
పదకొండు పేర్లు, తెలుగులో.
ఎక్కినప్పుడు ఒక టైము, దిగినప్పుడు ఒక ఇంటూ గుర్తు.
"మిషన్‌ని నమ్ముతామా సామీ?" అన్నాడు,
నవ్వుతూ కూడా కాదు.

డిస్కు నోరు కట్టేశాను.
ఇకమీద ఏదీ బుగ్గన దాచుకోదు,
ఎంత నిదానమైనా రాశాకే రాశానంటుంది.
ప్లైవుడ్ ఒళ్లో పెట్టుకుని
ఒక్కొక్కరినీ చేత్తో ఎక్కించాను.

పదకొండో వరుస మొతాలెబ్.
ఎక్కిన టైముంది, ఇంటూ లేదు.
పన్నెండున్నరకి ఉక్కకి కళ్లు తిరిగి పడితే
క్లినిక్కుకి తీసుకెళ్లారట.
సంతకం లేని పద్దు.
జర్నల్ అయితే వదిలేస్తుంది.

రెండింటి దాకా రాశాను,
అందరితో పాటు.
గంగిశెట్టి చూస్తే చెవి మెలేసేవాడు.