చేప దవడ పాఠం

పాత క్వార్టర్లీ ప్రశ్నపత్రం వెనక
రాత్రి పదిన్నరకి గళ్ళు గీసాను.
జీవశాస్త్రం నాది. లెక్కలు కూర్మారావు గారివి.
సోషల్ మేడమ్ ఔననలేదు, కాదనలేదు,
"సిలబస్ అవనీండి, అప్పుడు చూద్దాం" అంది.
గళ్ళ మధ్య గోడలు మాత్రం పెన్సిల్‌తోనే గీసాను,
చెరపడానికి వీలుగా.

పొందూరు పిల్లలకి
పత్తిని నేనేం పరిచయం చేస్తాను?
అది వాళ్ళ కంచాల్లోకే ఎగిరొచ్చి పడుతుంది.
అందుకని చేపతో మొదలెట్టాను.

వాలుగ చేప దవడ. అరచేతిలో పట్టేంత.
పళ్ళని వేలితో తాకి చూడండి, అన్నాను.
నీళ్ళలో ఉన్నప్పుడు ఇవి దేనికి?
ఒడ్డుకొచ్చాక వీటితో పత్తి దువ్వొచ్చని
మొదట ఎవరికి తట్టింది?
ఎప్పుడూ లేవని వెనక బెంచీ ఢిల్లేశు లేచాడు:
"సేప తినీసాక ముల్లు పారీడానికి మనసొప్పని
ముసల్దెవర్తికో తట్టుంటాది సార్."
నవ్వులు.
కిటికీ బయట నిలబడ్డ సోషల్ మేడమ్
చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

గంట కొట్టారు.
నలభై నిమిషాలకో విషయం చచ్చిపోవాలని
మా బడి ఇనపముక్క నియమం.
ఆ పూట ఎవరూ కదల్లేదు.

రోహిణి వాళ్ళ నాన్నమ్మ అప్పలనరసమ్మ
మనవరాలి సైకిల్ మీద రాట్నం కట్టించుకుని వచ్చింది.
"కుర్సీ ఒద్దు బాబూ,
కింద కూకుంటే గాని నాకు సెయ్యి నడవదు."
చక్రం ఒకసారి తిరిగితే కదురు ఎన్నిసార్లని
వాచీలు పట్టుకుని ఒక గుంపు;
ఏకు, కదురు, చిలప, ఆమె నోట్లోంచి రాలే మాటలకి
దోసిలి పట్టి ఇంకో గుంపు.
వంద నంబరు నూలు, కిలో తీస్తే
వంద కిలోమీటర్లు.
కూర్మారావు గారు బోర్డు మీద రాసి
రెండడుగులు వెనక్కి జరిగి
తను రాసింది తనే చూసుకున్నారు.

ఆఖరి ప్రశ్న నేనే పెట్టాను, తెలివైనవాణ్ణనుకుని.
చిలపకి ఇచ్చే కూలి ఇంత, పట్టే సమయం ఇంత,
గంటకి ఎంత?

అందరికన్నా ముందు రోహిణికి వచ్చింది.
చెయ్యెత్తలేదు.
తన చేతిలో ఉన్న పెన్ను ఖరీదుకి
రెండు రూపాయలు తక్కువ.

తల ఎత్తకుండా, పోగు తెగకుండా, నాన్నమ్మ అడిగింది:
"ఏటే గుంటా, ఆగిపోనావు? తప్పొచ్చిందేటి?"
"లేదు నాన్నమ్మా.
సరిగ్గానే వచ్చింది."

రాట్నం చప్పుడు ఒక్కటే కాసేపు.
నా ప్లానులో ఆ కాసేపటికి గడి లేదు.

ఆ రాత్రి ఢిల్లేశు ఫోను చేసాడు.
"సార్, రేపొచ్చేటప్పుడు
ఖాదీ కొట్లో పంచె ఎంతకమ్ముతన్నారో
అడిగి రమ్మంటారేటి?"
రమ్మన్నాను.
ఏ సబ్జెక్టుకని వాడు అడగలేదు.