పుల్లని నేల

ఓరిన్ మాట ఒక్కటే:
"నేల పులిసింది, వెర్నా."
ఏటా అక్టోబరులో
ఆరు సున్నపు బస్తాలు పికప్‌లోంచి దింపుకుని
ఇంటి ముందు గడ్డి మీద చల్లేవాడు,
పిండి జల్లించినంత నింపాదిగా,
బూట్లూ కనుబొమలూ ఒకే రంగయ్యేదాకా.

ముప్ఫై ఒక్క అక్టోబర్లు.
ప్రతి మే నెలలోనూ గడ్డి
కామెర్ల కళ్లతో లేచేది.
"చూశావా, ఇంకా పులుపు చావలేదు" అనేవాడు.

ఆయన పోయాక గ్యారేజీలో ఆరు బస్తాలు మిగిలాయి.
చల్లాలో వద్దో చెప్పే మనిషి లేక
కౌంటీ ఆఫీసుకి ఫోను చేశాను.
ముందు మట్టి పంపండి, తర్వాత మాట్లాడదాం
అంది అక్కడి అమ్మాయి.

రేకు బకెట్ వద్దట, పూత ఊడి లెక్క చెడుతుందట.
ప్లాస్టిక్‌ది పట్టుకుని వెంట నడిచింది పక్కింటి టెస్సా,
పదకొండేళ్లది, గుంటలు లెక్కపెడుతూ.
నాలుగంగుళాల లోతు, పన్నెండు చోట్ల:
మేపుల్ కింద, తపాలా డబ్బా పక్కన,
కంచె మూలల్లో.
పికప్ నూనె కారిన చోటు మాత్రం దాటేశాం.
వేర్లు దులిపి, ఒక వానపామును వెనక్కి పంపి,
అంతా కలిపి భోజనాల బల్ల మీద
పాత పేపరు పరిచి ఆరబోశాను.
రెండ్రోజులు నిలబడే తిన్నాను.
ఒక కప్పు చాలన్నారు.
ఇంటి చుట్టూ ఉన్న నేలంతా
ఒక కాఫీ కప్పులో.

ఫారంలో ఒక గడి: ఇంతకుముందు ఏం వేశారు?
సున్నం.
ఎన్నిసార్లు?
గడి సరిపోలేదు.

మూడు వారాలకి కాగితం వచ్చింది.
ఎనిమిది పాయింట్ ఒకటి.
పులుపు లేదు.
మీ వైపు నేలలు పుట్టుకతోనే సున్నపు నేలలు,
అంది ఫోనులో అమ్మాయి.
ఇనుము ఉంది, గడ్డికి అందదు,
సున్నం తాళం వేసి కూర్చుంది.
భాస్వరం ఎక్కువ, పొటాష్ చాలు.
చివర లావు అక్షరాల్లో: సున్నం వేయవద్దు.

రోగమొకటి, మందొకటి.
సింకు దగ్గర నిలబడి పెద్దగా నవ్వాను,
నవ్వు మధ్యలో గుర్తొచ్చింది వెర్మాంట్.

పెళ్లైన కొత్తలో ఒకేసారి చూశాను వాళ్ల కొండ.
సూదులాకులు రాలి రాలి నల్లబడిన మట్టి.
మామగారు చిటికెడు నాలుక మీద వేసుకుని
ఉమ్మేసి, "సున్నం" అన్నారు.
తెచ్చే పని ఏడో ఏటినుంచీ ఓరిన్‌దేనట.
పదిహేను వందల మైళ్లు ఇవతలికొచ్చి
నెబ్రాస్కాలో కూడా
ఆ కొండకే వైద్యం చేశాడు,
ఈ నేల నాడి పట్టకుండా.
నేను మాత్రం పట్టానా?
బస్తాల బిల్లులు దాచాను.

ఇక కాగితం చెప్పినట్టే:
గంధకం ఏడాదికి కాస్త, తొందర వద్దు.
కోసిన గడ్డి కోసినచోటే వదిలెయ్యాలి.
వసంతంలో ఇనుప గుళికలు.
ఎప్పటికి కరుగుతుందా సున్నం అంటే
"మీరు ఓపిక పట్టాలి మేడమ్" అంది ఆ అమ్మాయి
ఆసుపత్రి గొంతుతో.

బస్తాలు టెస్సా వాళ్ల కోచ్ డ్వేన్ పట్టుకెళ్లాడు,
బేస్‌బాల్ మైదానంలో గీతలు గీయడానికి.
శనివారం వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.
టెస్సా మూడో బేస్‌లోకి జారి
మోకాళ్ల దాకా తెల్లగా లేచింది.
ఆ తెలుపు నాకు తెలుసు.

జూన్‌కల్లా తపాలా డబ్బా దగ్గర
చాపంత మేర ముదురు పచ్చ తిరిగింది.
మేపుల్ కింద ఇంకా పసుపే.

సిమెంటు మీద పడ్డ గుళికలు
వెంటనే ఊడ్చెయ్యమని సంచి మీద రాసుంది.
ఊడ్చలేదు. వాన పడింది.
గ్యారేజీ నుంచి గడ్డి దాకా
తుప్పురంగు అడుగులు,
నావే, సైజు ఏడు.
బ్రష్ పెట్టి రుద్దాను.
పోవు.