ముప్పై ఒక్క డిగ్రీలు

ఇరవై ఆరేళ్లు చల్లదనం అమ్ముకుని బతికినోణ్ణి.
కొర్లగుంట మలుపులో, నా అంగడి ముందర
గ్యాసు పోయిన ఫ్రిజ్జులన్నీ
నోళ్లు తెరుచుకుని నిలబడి ఉండేవి.
ఇప్పుడు అవే ఫ్రిజ్జుల్లో
వేడికి కాపలా కాస్తా ఉండాను.

మొదటిది హాస్టల్ గదిలో దొరికింది.
పరీక్షలు అయిపోయి పిల్లోడు బెంగుళూరికి పోయినాడు
మంచం కింద ప్లాస్టిక్ డబ్బా మర్చిపోయి.
మర్చిపోయినాడనే అంటాడు వార్డెన్ చెంగల్రాయుడు,
మంచోడు, ఎవుర్నీ తప్పుపట్టడు.
కూలర్ బాగుచెయ్యను పోయిన నన్ను పట్టుకుని
"నీకు భయం లేదు కదా మునస్వామీ" అన్నాడు.
ఉండాది. గొంతు దాకా ఉండాది.
మూత తీస్తే
నాకంటే ఎక్కువ భయపడి
తలకాయి నడిమధ్యలో దాచుకుని
బంతి మాదిరి చుట్టుకునింది.

ఆఫ్రికా జాతంట. విషం లేదంట.
పద్దెనిమిది వేలు పోసి కొన్నాడంట.
వెన్ను మీద కుబుసం
గోడకు అతికిన పాత వాల్‌పోస్టరు లెక్క
సగం ఊడి, సగం ఊడక.
గోరువెచ్చని నీళ్ల బేసిన్లో పెట్టి
తెల్లారిందాకా కూర్చున్నా.

ద్రాక్షాయణి మూడు దినాలు మాట్లాడలేదు.
నాలుగోనాడు, గడప అవతల్నించే,
"దానికి నీళ్లు మార్చినావా" అనింది.

తలుపుకు అద్దం బిగించినా, గాలికి బెజ్జాలు కొట్టినా.
చలిని లోపల పట్టిపెట్టే గోడలు
వేడినీ పట్టిపెడతాయి, వాటికి పట్టింపు లేదు.
థర్మోస్టాట్ ఒక్కటే తిరగేసి కట్టాల.
ఒక మూల ముప్పై ఒకటి, ఇంకో మూల ఇరవై ఆరు.
ఎలుకపిల్లలకు వేరే ఫ్రిజ్ కొన్నాము,
దోసెపిండి పక్కన పెడితే
పుట్టింటికి పోతానని చెప్పింది కాబట్టి.

ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు.
ఏడుకొండలూ ఒక పామేనని పొద్దున్నే
మేడ మీంచి చెయ్యెత్తి మొక్కే మనిషి.
కొండంత పాముకు మొక్కుతాడు,
మూరెడు పాముకు ఇల్లియ్యడు.

కొత్తింట్లో పక్కింటామె
నాగులచవితికి చెంబుతో పాలు తెచ్చింది.
"ఇది తాగదమ్మా, ఎలుకలు తింటాది" అన్నా.
చెంబు పట్టుకుని అట్లే నిలబడిపోయింది.
ఆ పాలతో ముగ్గురం టీ తాగినాము.

"మన అడవి పాము కాదే ఇది," అన్నాడు
కాగితం రాసుకుంటా ఫారెస్టు గుమస్తా.
ఏ అడవిదీ కాదు సార్, అంగట్లో పుట్టింది.
తలకోనలో వదిలెయ్ అంటారు అందరూ.
వదిలెయ్, అనే మాట
ఎంత సులువుగా వస్తాదో నోటికి.

చిత్తూరు నించి ఒకాయన క్యారియర్లో తెచ్చినాడు,
కూతురు ఇప్పుడు కుక్కపిల్ల అడుగుతా ఉందంట.
ఒకటి తోతాపురి పెట్టెలో గేటు కాడ పడుండె,
మీద చీటీ: "పేరు స్వీటీ."
చెవులే లేనిదాన్ని
ఎన్నాళ్లు పిలిచినారో ఆ పేరుతో.
పదకొండు వచ్చినాయి. రెండు దక్కలేదు.
వాటిని రేణిగుంట దావలో, తంగేడు చెట్ల కింద.

కార్తీకంలో తుపాను పట్టుకుని
రాత్రంతా కరెంటు లేదు, ఇన్వర్టరు చచ్చింది.
సీసాల్లో వేణ్ణీళ్లు పోసి గుడ్డలు చుట్టి తొమ్మిదింటికి సర్దితే
హాస్టల్‌దానికి సీసా మిగల్లేదు.
చొక్కా లోపల వేసుకుని కూర్చున్నా.
మెల్లిగా బంతి విప్పుకుని
పక్కటెముకల మీద సాగింది.
ప్రేమ కాదని నాకు తెలుసు.
వేడి కోసరం వచ్చింది.
అయినా కదలకుండా కూర్చున్నా, కాలు తిమ్మిరెక్కినా.

నిన్న మాపటేళ ఎవురో కుర్రోడు
దిండు గలీబు మూతి ముడేసి పట్టుకుని
గేటు కాడ తల దించుకుని నిలబడినాడు.
ఎందుకు వద్దనుకున్నావని అడగలేదు.
లోపలికి రా, టీ తాగు అన్నా.
ఇంట్లో ఎంత వేడి పెట్టేవోడివి, అదొక్కటి చెప్పు.