కుర్చీల లెక్క

మూడొందల కుర్చీలూ నావే.
షామియానా నాదే, మైకు మాత్రం రేణిగుంటోళ్లది.
సభలో నేను ఏ పక్కా కాదు,
బాడుగ పక్క.

స్వర్ణముఖి ఇసకలోనే వెయ్యమన్నారు,
"ఎండిపోయిన ఏరే కదా" అని.
పటంలో మా గట్టు నిన్నటిదాకా పచ్చ,
ఈ పొద్దు వంకాయ రంగు.
వంకాయ రంగంటే ఇనుము, సున్నం, పొగగొట్టాలంట.

కుప్పమ్మ లేచింది:
"వంకాయలు పండే నేలలో
ఉత్త రంగు పండిస్తారా సామీ?"
నవ్వినారు. ఆఫీసరు కూడా.

చెంగల్రాయులు కొడుకు నవ్వలా.
"ఐటీఐ అయ్యి మూడేండ్లు.
చెన్నైలో ఆరుమందిమి ఒకే రూములో.
ఏరు నాకేం పెట్టిందక్కా?"
ఆమె మైకును చూస్తా నిలబడిపోయింది.
నేనూ నోరెత్తలా;
వాడు నాకు మేనల్లుడు.

సంతకాలైనాయి. కార్లు పోయినాయి.
మునిమాపున కుర్చీలు ఎత్తతా ఉంటే
ఒక్కోటి పీకినప్పుడల్లా చప్పుడు,
లేగదూడ పొదుగు వదిలినట్టు.
మనుషుల బరువుకు దిగబడిన
నాలుగేసి గుంతల్లో
నీళ్లు ఊరతా ఉండాయి.

ఆఫీసరు కుర్చీ కింద గూడా.

లెక్కకు రెండు తక్కువొచ్చినాయి.
టార్చి వేసుకుని వెతకతా ఉండా.
చెప్పులు చేతబట్టుకున్నా,
యాడ కాలు పెట్టినా తడే.